లెక్క సరిపోయిన రోజు

1వ రోజు

కూటమి ఆఫీసు నుంచి కొత్త నియమం వచ్చింది. కూటమిలోని తొమ్మిది గుండె ఆసుపత్రుల్లోనూ ప్రతి సర్జనూ తన పని గురించి ఒక పుస్తకం రాయాలట. కలంతో, కాగితం మీద. సర్జన్ బతికున్నంతకాలం దాన్ని ఎవరూ చదవరు. పోయాక తెరిచి, మిగతావాళ్ళకు పనికొచ్చేది ఏదైనా ఉంటే చెబుతారు. కనుక దీన్ని చదువుతున్న మీకు నమస్కారం. నేను పోయాను. డాక్టర్ కామేశం అనే మహానుభావుడు ఒకడుండేవాడని, చక్కటి దస్తూరి అని గుర్తుంచుకోండి.

కోరుకొండ మీది ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళుగా గుండె సర్జన్‌ని. సముద్రం లోపలికి వచ్చి కోనసీమను కలిపేసుకున్నాక మా కొండ కింద రేవు వెలిసింది. రోజూ ఏడింటికి రోగుల పడవ వస్తుంది. సిబ్బంది, రోగులు, నాచుపిండి బస్తాలు అందరం ఒకే తాడు లిఫ్టులో పైకి ఎక్కుతాం. ఎవరు ఎవరో దిగాక తేల్చుకుంటాం.

మహానుభావుణ్ణి ఎందుకయ్యానో కూడా చెప్పాలి. మేం ఆపరేషన్‌కి తొడుక్కునే గ్లౌజులు చేతి కదలికలన్నీ గుర్తు పెట్టుకుంటాయి. దాన్ని జాడ అంటారు. ఒక్కో పనికి తొమ్మిది ఆసుపత్రుల్లో ఎవరి చెయ్యి బాగుందో చూసి, ఆ జాడను అందరి గ్లౌజుల్లోకీ ఎక్కిస్తారు. వేలు దారి తప్పితే గ్లౌజు మెల్లగా నొక్కి చెబుతుంది. ఛాతీ తెరవడం నెల్లూరావిడ జాడ. కవాటం కుట్టడం ఇంకొకాయనది. గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలై, అందాకా దాని పని చేసిన పంపు తీసేశాక అంతా సరిచూసి, ఎముకకు తీగలు బిగించి ఛాతీ మూసేది మాత్రం నా జాడ. దాని పేరు ‘కామేశం ముగింపు’. ఏడు నెలలుగా తొమ్మిది ఊళ్ళలో గుండెలు నా వేళ్ళతోనే మూతపడుతున్నాయి.

ఈ సంగతి చెబితే మా ఆవిడ, “ఇంట్లో బీరువా తలుపు మాత్రం ముయ్యడం రాదు” అంది. గొప్పవాళ్ళ ఇళ్ళలో ఇలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాను.

4వ రోజు

ఈరోజు ఆపరేషన్ అద్భుతంగా చేశాను. చివర్లో మామూలు తలనొప్పే.

మా థియేటర్ నర్సు సిస్టర్ దీవెనమ్మ. నాతో పంతొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. మంచి మనిషి, పనిమంతురాలు. ఒక్కటే లోపం, ఆవిడకు లెక్క రాదు. ఛాతీ మూసేముందు రక్తం అద్దిన గాజుగుడ్డలన్నీ లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా మూయకూడదు, లోపల ఉండిపోయిందేమో వెతకాలి. లోకంలోని సర్జన్లందరికీ ఇదే రూలు. మిగతా నర్సులు ఒక్కసారి లెక్కపెడతారు. ఈవిడకు ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది.

తీగ కోసం చెయ్యి చాపాను.

“ఆగండి డాక్టర్ గారూ. ఒక గుడ్డ తగ్గిందండి.”

“మళ్ళీనా?”

“ఆయ్. మళ్ళీ లెక్కెడతాను. మీరు లోపలోసారి చూస్తా ఉండండి.”

ఆవిడ నింపాదిగా లెక్కపెడుతుంటే తెరిచిన ఛాతీలోకి చూస్తూ నిలబడ్డాను. ఊరికే ఉండలేక గుండె వెనకవైపు కొంచెం చెమ్మగా కనిపించినచోట కాలక్షేపానికి ఒక కుట్టు వేశాను. ఐదు నిమిషాలయ్యాక, “దొరికిందండి, ఈ మడతలో ఉండిపోయింది” అంది. ఎప్పుడూ ఏదో ఒక మడతలోనే ఉంటుంది.

జాడ తయారు చేసే కమిటీకి నేనే పెద్దని. నా జాడ ఎక్కించేటప్పుడు ఈ ఐదు నిమిషాలూ నేనే కత్తిరించి పారేశాను. మా నర్సుకు ముప్పై వరకు లెక్కపెట్టడం రాదని తొమ్మిది ఊళ్ళకు తెలియాలా? పరువు నాది కదా.

11వ రోజు

మూడు నెలల అంకెలు వచ్చాయి. ఆపరేషన్ అయ్యాక లోపల రక్తం కారి, ఛాతీ మళ్ళీ తెరవాల్సి వచ్చినవాళ్ళు మా దగ్గర నూటికి ఇద్దరు. మిగతాచోట్ల అంతకుముందు నలుగురుండేవాళ్ళు, ఇప్పుడు ఏడుగురయ్యారు. జాడ పెట్టినప్పటినుంచీ పెరుగుతున్నారు. దీనికి కారణం నాకు వెంటనే తట్టింది. ఇదివరకు వీళ్ళంతా అంకెలు దాచి ఉంటారు! ఇంత పదునైన బుర్రను కాగితం మీద పెట్టకపోతే పాపం.

అందరికన్నా ఎక్కువ పడవాసుపత్రిలో, నూటికి తొమ్మిది. అది అంతర్వేది అవతల లంగరు వేసిన ఓడ. అక్కడి సర్జన్ డాక్టర్ నౌషీన్ నా శిష్యురాలే. వరసగా రెండుసార్లు ఈ మూడునెలల అంకె నూటికి ఎనిమిది దాటితే థియేటర్‌కు సీలు వేస్తారు. ఆమెకు ఇది రెండోసారి. ముప్పై మూడో రోజున కూటమి సభ, అక్కడే నిర్ణయం. సీలు పడితే ఆ చుట్టుపక్కల లంకలవాళ్ళు గుండె ఆపరేషన్‌కి పదకొండు గంటలు పడవలో రావాలి. అంతసేపు ఆగలేని గుండెల సంగతి అంకెల్లో ఉండదు.

వెళ్ళి చూసి నివేదిక రాయమని కూటమి నన్నే నియమించింది. ఇంకెవర్ని నియమిస్తారు?

19వ రోజు

పడవాసుపత్రి. ఓడ ఊగుతుంది గానీ ఆపరేషన్ బల్ల ఊగదు. సర్జన్ నిలబడే చోటు ఊగుతుందో లేదో ఎవరూ చెప్పలేదు. నాకు రెండుసార్లు కడుపులో తిప్పింది. మాస్కు ఉండబట్టి నా గౌరవం దక్కింది.

నౌషీన్ ఆపరేషన్ చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. చివర్లో ఛాతీ మూసేటప్పుడు ఒళ్ళు జలదరించింది. ఆ వేళ్ళు నావే. తీగ మెలిపెట్టే తీరు, ముడి వేశాక చిటికెన వేలు పైకెత్తే నా అలవాటు, అన్నీ అచ్చం దిగాయి. గుడ్డల లెక్క అరనిమిషంలో తేలింది. మొత్తం ముగింపు ఇరవై రెండు నిమిషాలు. నాకు కళ్ళు చెమర్చాయి. నన్ను నేను బయటినుంచి చూసుకుని మురిసిపోయే భాగ్యం ఎందరికి దక్కుతుంది?

మేం భోజనానికి కూర్చున్నామో లేదో వార్డు గంట మోగింది. ఇందాకటి రోగి ఛాతీలో పెట్టిన గొట్టంలోంచి రక్తం ఆగకుండా వస్తోంది. నౌషీన్ పరిగెత్తి అతని ఛాతీ మళ్ళీ తెరిచింది. గుండె వెనకవైపు, బియ్యపుగింజంత చోట కారుతోంది. ఒక్క కుట్టుతో ఆగిపోయింది. రోగి బతికాడు.

చేతులు కడుక్కుంటూ నౌషీన్ అడిగింది: “సార్, నిజం చెప్పండి. నా చేతుల్లో ఏం తేడా ఉంది? గ్లౌజు చెప్పినట్టే చేస్తున్నానండి. ఒక్కసారి కూడా నొక్కలేదు. మరి ఎందుకు కారుతుంది?”

“ధ్యాస పెట్టాలమ్మా” అన్నాను.

“ధ్యాసేనాండి?” అని నా మొహంలోకి చూసింది. “ఈ థియేటర్ మూసేస్తే ఈ లంకలవాళ్ళు నన్నడగరు సార్. పడవెక్కుతారు. అందరూ దిగరండి, అంతే.”

పెద్దమనిషిలా తలాడించాను. నివేదికలో రాశాను: ‘పద్ధతి నిర్దుష్టం. సర్జన్‌లో ఏకాగ్రత లోపం.’ పద్ధతి నిర్దుష్టం అన్న మాట కింద గీత కూడా గీశాను.

25వ రోజు

దీవెనమ్మ రెండురోజులు సెలవు పెట్టింది. జ్ఞానదంతం పీకించుకుంటోంది. ఆమె బదులు కొత్త నర్సు వచ్చింది, పేరు హేమలత. నిన్న ఒక ఆపరేషన్, ఈరోజు రెండు. మొదటిరోజే లెక్క ఒక్కసారికి తేలిపోయింది. “సరిపోయిందండి” అంది. ఎంత కమ్మగా వినిపించిందో! పంతొమ్మిదేళ్ళ తర్వాత ఒక నర్సు నోట ఆ మాట విన్నాను. ఇరవై రెండు నిమిషాల్లో ముగించాను. ఆ అమ్మాయిని ఇక్కడే ఉంచేసుకుంటే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. దేవుడు ఆ ఆలోచనను క్షమించుగాక.

ఆ ముగ్గురిలో ఇద్దరికి ఈరోజు ఛాతీ మళ్ళీ తెరిచాను.

రెండోవాడు సత్తిరాజు, రేవులో పడవ నడుపుతాడు. నన్ను వందసార్లు దాటించి ఉంటాడు. వార్డులో అతని రక్తపోటు పడిపోతుంటే పరిగెత్తాను. గుండె వెనకవైపు, బియ్యపుగింజంత చోట. ఒక్క కుట్టు. అదే చోటు. బయటికొస్తే అతని భార్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“ఒకసారి కోసి కుట్టారుగా డాక్టరు గారూ, మళ్ళీ ఎందుకు కోశారండి?” అంది.

గాలిలో తేమ, గ్లౌజు బ్యాటరీ, కొత్త దారం అని మూడు కారణాలు చెప్పాను. ఆమె మూడింటికీ తల ఊపింది. ఒక్కటీ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

27వ రోజు

దీవెనమ్మ లేని ఆ రెండు రోజుల్లో మా థియేటర్‌లో మారినదేమిటి? గదీ అదే, గ్లౌజులూ అవే, చేతులూ అవే. మారింది నర్సు ఒక్కతే. ఈ చిన్న కూడిక నా పదునైన బుర్రకు తేలడానికి రెండు రోజులు పట్టింది.

దీవెనమ్మ వచ్చింది. ఎడమ దవడ బూరెలా ఉబ్బింది, నోట్లో దూది. కుర్చీ వేసి కూర్చోమన్నాను. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి కాబోలు, అనుమానంగా కూర్చుంది.

“సిస్టర్, రోజూ గుడ్డ ఎందుకు తగ్గుతుంది?”

దూది సర్దుకుంది. “ఎప్పుడూ తగ్గలేదండి.”

“మరి?”

“పంపు తీసిన కొత్తలో బీపీ తక్కువుంటదండి. అప్పుడన్నీ పొడిగానే కనపడతాయి. మనిషి తన మామూలు బీపీకొచ్చాక గానీ, కారేది బయటపడదండి. ఈలోపే మీరు తీగడుగుతారు.”

“ఆ ముక్క నాతో చెప్పొచ్చు కదా!”

“చెప్పానండి. నేనొచ్చిన నెలలోనే. కాసేపాగుదామండీ అంటే, ‘సర్జన్ ఎవరు, నువ్వా నేనా’ అన్నారు. రాజ్యలక్ష్మి గారని, టీచరమ్మండి, ముగ్గురు పిల్లలు. మూసేశారు. సాయంత్రానికి పోయారు.”

నాకు ఆ పేరు గుర్తులేదు. ఎంత వెతికినా ఆ మొహం రాలేదు. దీవెనమ్మకు పేరు గుర్తుంది, పిల్లలెంతమందో గుర్తుంది, నేనన్న మాట గుర్తుంది.

“అప్పుడాలోచించానండి. నర్సు ఆగమంటే సర్జన్ ఆగడు. గుడ్డ తగ్గిందంటే ఎంత గొప్పోడైనా ఆగాలి కదండి, రూలు. ఆగి లోపలికి చూస్తా ఉంటే మీ చెయ్యి ఊరుకోదు. కారేచోట కుట్టేస్తారు. మీ చెయ్యి మంచిదేనండి, తొందరే...” అని ఆపేసి, దవడ పట్టుకుని, “నెప్పిగా ఉందండి, ఎల్లనా?” అంది.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. లెక్క రాదని ఆవిడ మీద నేను ఆఫీసుకు పెట్టిన ఫిర్యాదులు పదకొండు. ఒక్కదానికీ ఆవిడ బదులు చెప్పలేదు.

28వ రోజు

కత్తిరించని నా పాత రికార్డు తెప్పించి చూశాను. అందులో అన్నీ ఉన్నాయి. ఆ ఐదు నిమిషాలు, కొన్నిసార్లు తొమ్మిది. ఆ వ్యవధిలో నేను వేసిన కాలక్షేపపు కుట్లు. జాడలో నేను ఉంచింది నా వేగం. పారేసింది నా పని. దాన్ని ఎనిమిది ఊళ్ళకు పంపి, పూర్తిగా నమ్మి ఎవరు ఆచరించారో ఆమెకు ఏకాగ్రత లేదని రాశాను. పద్ధతి నిర్దుష్టమని కింద గీత గీసి మరీ చెప్పాను.

ఇక్కడ మీరు, అంటే నేను పోయాక చదివేవారు, నేను వెంటనే కూటమికి ఫోన్ చేశాననుకుంటున్నారు. లేదు. జాడను ఆపమని మాత్రం, ‘సాంకేతిక కారణాల వల్ల’ అని ఒక కబురు పంపాను. ఆగింది. నా పేరు బయటికి రాలేదు. ఆ సాంకేతిక కారణానికి యాభై తొమ్మిదేళ్ళు, బీరువా తలుపు మూయడం రాదు. నౌషీన్ నివేదిక మాత్రం అలాగే ఉంది.

33వ రోజు

సభ. మా కూటమిలో ఒక ఆచారం ఉంది. సభకు ముందు తొమ్మిదిమంది సర్జన్లు బంతిలో కూర్చుంటారు. ఆకులో అన్నం వడ్డిస్తారు. ప్రతివాడూ ఈ మూడునెలల్లో తాను చేసిన ఒక తప్పు చెప్పాలి. చెప్పాక మిగతావాళ్ళు “విన్నాం” అంటారు. అందరివీ అయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. బంతిలో చెప్పినదానికి శిక్ష ఉండదు, కానీ సభలో దాన్ని సరిదిద్దకుండా లేవకూడదు. నేను ఎనిమిదేళ్ళుగా ఇక్కడ చెబుతున్న తప్పులు ఇలా ఉంటాయి: ‘జూనియర్లను మరీ ఎక్కువ నమ్మాను’, ‘విశ్రాంతి తీసుకోలేదు’. అన్నం చల్లారకుండా అందరూ గబగబా విన్నాం అనేసేవాళ్ళు.

దీవెనమ్మను వెంట తీసుకెళ్ళాను. పక్కన ఆకు వేయిస్తానంటే, “తప్పు మీదండి, నేనెందుకు కూర్చోవాలి?” అని వడ్డించేవాళ్ళ పక్కన నిలబడింది.

జేబులో ఒక కాగితం ఉంది. అందులో ‘పర్యవేక్షణలో అలసత్వం’ అని ఒక అందమైన తప్పు రాసుకున్నాను. దొంగబుద్ధి చావలేదు. నా ముందు నౌషీన్ వంతు వచ్చింది. ఆమె ఆకువైపే చూస్తూ, “నా చేతుల్లో ధ్యాస లేదండి. ఎంత ప్రయత్నించినా రావట్లేదు. నా వల్ల లంకల్లో పద్నాలుగుమంది రెండుసార్లు కోతకు గురయ్యారు. ఇద్దరు పోయారు” అంది.

“విన్నాం” అన్నారు ఏడుగురు.

నేను అనలేదు. నా ముందు అన్నం ఉంది, పప్పు మీద నెయ్యి కరుగుతోంది. జేబులోని కాగితాన్ని నలిపేశాను.

“ఆ పద్నాలుగుమందీ నా వాళ్ళు” అన్నాను. మొత్తం చెప్పాను. గుడ్డ సంగతి, కత్తిరింపు సంగతి, సత్తిరాజు, రాజ్యలక్ష్మి గారు, ఆ నివేదిక. “ఈ అమ్మాయి చేతుల్లో తప్పేమీ లేదు. నేను పంపిన సగం పనిని ఈమె పూర్తిగా చేసింది. మిగతా సగం నాకూ తెలియదు, అది మా సిస్టర్‌కి తెలుసు.”

నౌషీన్ నావైపు తిరిగింది. కోపం చూశాను. దానికి నేను తగినవాణ్ణే. అయినా మొదట ఆమే అంది, “విన్నాను సార్” అని. నెమ్మదిగా, ఒక్కో అక్షరం కొలిచినట్టు. తర్వాత మిగతావాళ్ళు అన్నారు.

నెల్లూరావిడ అడిగింది: “అయితే మూసేముందు ఎంతసేపు ఆగాల? ఐదు నిమిషాలా, పదా?”

నేను దీవెనమ్మ వైపు చూశాను. మిగతా ఎనిమిదిమంది సర్జన్లూ చూశారు. ఆవిడ చేతిలో సాంబారు గరిటె ఉంది. ఎవరిచ్చారో తెలియదు.

“గడియారం చూడనండి. మనిషి ఇంటికాడ ఉన్నప్పుడు బీపీ ఎంతుండేదో కేసు కాయితంలో ఉంటది కదండి. ఆ అంకె దగ్గరకొచ్చేదాకా నాకు గుడ్డ తగ్గుద్దండి” అంది.

తొమ్మిదిమందిమీ ఆకుల ముందు కూర్చునే రాసుకున్నాం. అన్నం పూర్తిగా చల్లారింది. తిన్నాం.

సభలో సీలు వెయ్యడం ఆపారు. నా నివేదిక కొట్టేశారు. ముగింపు పేరు మార్చమని నేనే అడిగాను. దీవెనమ్మ పేరు పెడతామంటే ఆవిడ ససేమిరా అంది. “నా పేరెట్టి మళ్ళీ ఏదోటి కత్తిరిస్తారు” అంది. రెండు నెలలు పడవాసుపత్రికి వెళ్ళి అక్కడి నర్సులకు నేర్పడానికి మాత్రం ఒప్పుకుంది. నౌషీన్ ఆవిడ సంచి తనే మోసుకుంటూ రేవుకు నడిచింది. నాతో మాట్లాడలేదు. మాట్లాడే రోజు రావచ్చు, రాకపోవచ్చు.

47వ రోజు

పడవాసుపత్రి నుంచి కబురు: దీవెనమ్మ వెళ్ళాక పదకొండు ఆపరేషన్లు, ఒక్కరికీ మళ్ళీ తెరవలేదు. కబురు నౌషీన్ రాసింది. నా పేరు పైన ‘సార్‌కి’ అని ఉంది. ఆ ఒక్క మాటను నాలుగుసార్లు చదువుకున్నాను.

ఇక్కడ నాతో హేమలత ఉంది. ఈరోజు ఉదయం బల్ల మీద ఒక తాత, ఇంటి దగ్గర బీపీ నూట నలభై. పంపు తీసేశాం. తెర మీద తొంభై ఐదు. లోపలంతా పొడిగా, శుభ్రంగా, ముచ్చటగా ఉంది. అరచెయ్యి దానంతట అదే తీగ కోసం చాచుకుంది. ఇరవై ఆరేళ్ళ అలవాటు.

“లెక్క సరిపోయిందండి” అంది హేమలత, తీగ అందిస్తూ.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. “లేదమ్మా. ఒక గుడ్డ తగ్గింది.”

“ముప్పై ఉన్నాయండి. రెండుసార్లు చూశాను.”

“మళ్ళీ లెక్కపెట్టు.”

ఆ అమ్మాయి ఈ ముసలాడికి మతి పోయిందా అన్నట్టు చూసి, మొదటినుంచీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను లోపలికి చూస్తూ నిలబడ్డాను. నూట పది. నూట ఇరవై. ఏమీ లేదు. వట్టి చాదస్తమేమో, అందరిముందూ నవ్వులపాలవుతున్నానేమో అనిపించింది. నూట ముప్పై ఎనిమిది. గుండె వెనకవైపు, బియ్యపుగింజంత చోట, ఎర్రగా ఒక చుక్క ఊరింది.

కుట్టు వేశాను. నూట నలభై దాకా ఆగి మళ్ళీ చూశాను. పొడిగా ఉంది.

“దొరికిందమ్మా” అన్నాను. “ఇప్పుడు తీగ ఇవ్వు.”